సున్నం విన్న పాట

పెళ్ళిచూపుల్లో మా నాన్న, "ఖాళీ దొరికితే ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే, "గోడలు వింటుంటానండీ" అన్నాడు కిరీటి.

మా నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టి మా అమ్మ వైపు చూశాడు. మా అమ్మ ఫ్యాన్ వైపు చూసింది. నేను మాత్రం ఆ క్షణంలోనే ఒప్పేసుకున్నాను. ఎంత సిగ్గుపడుతూ, ఎంత నిజంగా చెప్పాడో! అంతకుముందు వచ్చిన ఇద్దరూ క్రికెట్ చూస్తామన్నారు.

మాఘమాసంలో పెళ్ళి. బందరు కాపురానికొచ్చిన మూడో రోజున నన్ను తన ల్యాబుకి తీసుకెళ్ళాడు. ల్యాబంటే, తను ఫిజిక్సు చెప్పే కాలేజీలో మెట్ల కింద గది. బల్ల మీద కూలగొట్టిన ఏదో ఇంటి గోడముక్క ఉంది. దాని మీద అరచేతంత పరికరం. నాలుగు రబ్బరు కాళ్ళు, మూతి దగ్గర ఎర్రటి వెలుగు చుక్క, పొట్ట కింద పుల్లటి ద్రావకం కారే సన్నటి గొట్టం.

"దీని పేరేమిటి?"

"చాలా పొడుగు పేరు పెట్టాను. మా అమ్మ చూసి బల్లి అంది. అదే ఖాయమైపోయింది."

మీట నొక్కాడు. బల్లి నెమ్మదిగా గోడముక్క మీద పాకింది. అది పాకిన చోటల్లా సున్నం సోడాలా బుసబుస పొంగి పాలలా కిందికి జారింది. స్పీకరులో కాసేపు నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు, నా చెవిలోనే అరిచినట్టు: "ఒసేయ్, పాలు పొంగిపోతున్నాయే!"

నేను నిజంగానే స్టౌ ఆర్పడానికి లేచాను.

"కంగారుపడకు. అవి డెబ్బై రెండులో పొంగిన పాలు" అన్నాడు కిరీటి.

విషయం ఇదీ. మా బందరు వైపు పాత ఇళ్ళకి వాడింది గుల్ల సున్నం, అంటే సముద్రపు గుల్లల్ని కాల్చి చేసేది. గోడకి వేశాక అది గాలి పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారడానికి నలభై రోజులు పడుతుంది. ఆ నలభై రోజుల్లో ఏ మచ్చ ఏ ఘడియలో గట్టిపడితే, ఆ ఘడియలో ఆ గదిలో పుట్టిన చప్పుడు అందులో ఉండిపోతుంది. చాపంత చోటులో అరగంట మాటలుంటాయి. పక్క చాపంతలో మరో రోజు మాటలు. ఏది ఎక్కడుందో గోడకే తెలియదు. కరిగిస్తేనే వినపడుతుంది, కరిగించాక ఆ చోట ఇక ఉండదు. ఇంకో చిక్కు, కనీసం ముప్పై ఏళ్ళు నిండిన సున్నమే పలుకుతుంది. అంతకంటే లేతదైతే కిక్కురుమనకుండా పాలై కారిపోతుంది.

"గోడలకి చెవులుంటాయంటే సామెత అనుకున్నాను" అన్నాను.

"చెవులతో పేచీ లేదు హైమా. నోరొచ్చాకే కష్టం."

ఆ కష్టం అప్పటికే ఒక ఇంటికి జరిగింది. పోయిన సంవత్సరం ఇద్దరు అన్నదమ్ములు సరదాపడి పాత పడకగది గోడ వినిపించమన్నారట. ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ గొంతు వినగానే ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. రెండో నిమిషంలో ఆవిడ, "పెద్దాడు ఒట్టి వెర్రిబాగులాడు, ఇల్లు చిన్నాడి చేతిలోనే ఉండాలి" అంది. అప్పటినుంచి పెద్దాయన తమ్ముడి గడప తొక్కలేదు. కిరీటి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అత్తయ్య చెప్పింది. ఆనాడే ఒక నియమం పెట్టుకున్నాడు. ఆ సున్నం ఆరేటప్పుడు ఆ ఇంట్లో మసిలినవాళ్ళలో బతికున్న ప్రతి ఒక్కరూ ఒప్పుకుంటే తప్ప బల్లిని గోడెక్కించకూడదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక మా గదిలో నన్ను ఒక గోడ ముందు నిలబెట్టాడు. పెళ్ళికి వేసిన కొత్త సున్నం. నీలిమందు కాస్త ఎక్కువై లేత ఆకాశం రంగులో ఉంది.

"ఇదీ నీకు నా పెళ్ళి కానుక."

"గోడా?"

"ఇప్పుడు వింటోంది. ఇంకో నెల వింటుంది. ముప్పై ఏళ్ళ తర్వాత మనిద్దరం ఇక్కడే కుర్చీలు వేసుకుని కూచుందాం. మనం మాట్లాడుకున్నవన్నీ అది చెబుతుంది."

ఇంతకంటే మంచి కానుక ఎవరైనా ఇస్తారా! మా అక్కకి వాళ్ళాయన మిక్సీ ఇచ్చాడు.

ఆ నెలంతా మేం గోడకి వినపడేలా మాట్లాడుకున్నాం. పొద్దున్నే లేచి, "ఈ రోజు శుక్రవారం, కిరీటి కాఫీ పెట్టాడు, పంచదార మర్చిపోయాడు" అని గోడకి వార్తలు చదివేదాన్ని. తను చేపల పేర్లన్నీ తప్పుగా చెబుతుంటే నేను నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు తెచ్చుకున్న సంగతి కూడా అందులోనే ఉంది. గడువు అయిపోయిన రోజున ఇద్దరం గోడకి నమస్కారం పెట్టి, "ఇక మా సంగతులు మావి" అని చెప్పాం.

* * *

కిరీటికి గోడల తర్వాత అంత ఇష్టమైనది ఎనభై అయిదు సంఘం. ఆ సంఘంవాళ్ళు ప్రతి ఆదివారం పొద్దున కోనేరు సెంటరు దగ్గర సూర్రావు బాబాయి పాత మైకు సెట్ల దుకాణంలో కలుస్తారు. అక్కడ వచ్చిన ప్రతివాళ్ళూ ఒక పాట వినిపించాలి. ఆ పాట పందొమ్మిది వందల ఎనభై అయిదులో వచ్చినదే అయ్యుండాలి. ఎనభై ఆరు జనవరిది తెచ్చినా తప్పే. తప్పు చేసినవాడు అందరికీ హల్వా పెట్టాలి. పాట అయ్యాక, దాన్ని మొట్టమొదట ఎక్కడ విన్నారో చెప్పాలి.

"ఆ ఒక్క సంవత్సరమే ఎందుకు బాబాయ్?" అని అడిగాను మొదటి ఆదివారం.

"నా దుకాణం తెరిచిన ఏడమ్మా అది" అన్నాడు సూర్రావు బాబాయి. "ఆ ఏడు నా హారన్ మోగని పెళ్ళి బందర్లో లేదు. అయినా ఎంత పెట్టుకుంటాం? ఒక్క ఏడాదినే సరిగ్గా విందామంటే జీవితం సరిపోవడం లేదు."

నేను పుట్టింది ఆ తర్వాత పద్నాలుగేళ్ళకి. అయినా మూడు వారాల్లో నాకు ఆ సంవత్సరం పిచ్చి పట్టేసింది. లారీ క్లీనరుగా ఉన్నప్పుడు ఏలూరు దాబాలో విన్నానని ఒకాయన, టైఫాయిడు వచ్చి పక్కింటి రేడియోలో విన్నానని ఒకావిడ, పాటతో పాటు తమ వయసు కూడా పట్టుకొచ్చేవారు.

ఒక్క కనకవల్లి టీచరు మాత్రం ఏ పాటా తెచ్చేది కాదు. ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆరేళ్ళుగా వస్తోందట. అందరి పాటలూ కళ్ళు మూసుకుని వింటుంది. కూనిరాగం కూడా తియ్యదు. "నాకు వినడమే వచ్చు" అంటుంది. పాటలో ఎక్కడ ఏ వాద్యం మారిందో మాత్రం మెల్లిగా వేలితో చూపిస్తుంది.

వైశాఖంలో ఒక ఆదివారం పందెం పెట్టారు. ఆ ఏడు ఒక్కసారే విని, మళ్ళీ ఎప్పుడూ వినపడని పాట చెప్పాలి. సూర్రావు బాబాయి మీసం సవరించుకున్నాడు.

"నా దగ్గర ఒకటుందర్రా. ఏదో సినిమా, మొదలెట్టి ఆపేశారు. కంపెనీవాళ్ళు అంతకుముందే మాలాంటి మైకు సెట్లవాళ్ళకి పాతిక రికార్డులు పంచారు, ప్రచారానికి. నాకొకటి వచ్చింది. ఒక్క పెళ్ళిలో వేశాను. మర్నాడు ఎండలో పెట్టి మర్చిపోతే అప్పడంలా వంగిపోయింది. ఆ పాట మళ్ళీ వినలేదు. 'పడవొస్తే చెప్పిపోవే పాలపిట్టా...' ఆ తర్వాత ఏదో ఉంది."

"'పసుపు ఆరకముందే పిలిచిపోవే'" అంది కనకవల్లి టీచరు.

అందరం అటు తిరిగాం.

"నీకెలా తెలుసు టీచరూ? అది ఎవరూ విన్నది కాదే!"

"నేను కూడా వినలేదు సూర్రావు గారూ. పాడాను."

ఎప్పుడూ పది మాటలు మించని మనిషి, ఆ రోజు తలవంచుకుని అంతా చెప్పింది. ఇరవై మూడేళ్ళప్పుడు మద్రాసు వెళ్ళి పాడిన ఒకే ఒక్క పాట అది. తిరిగొచ్చిన నెలకి ఉత్తరం వచ్చింది. 'రెండో చరణంలో పై షడ్జం దగ్గర మీ శ్రుతి తప్పింది. ఇంకొకరిచేత పాడిస్తాం' అని. ఇంకో నెలకి సినిమాయే ఆగిపోయింది. ఆవిడ చేతికి రికార్డు రాలేదు. తను తప్పిందో లేదో ఆవిడకే తెలియదు.

"తప్పినట్టు నాకు తోచలేదు. కానీ వాళ్ళు పెద్దవాళ్ళు. ఆ చోటు ఎలా పాడానోనని తలచుకుంటూ పాడబోతే గొంతు పట్టేసేది. ఇక పాడలేదు."

"నలభై ఏళ్ళా?" అన్నాను.

"లెక్కల్లో తప్పైతే వెనక్కెళ్ళి చూసుకోవచ్చమ్మా. అందుకే లెక్కలు చెప్పాను."

కిరీటి కుర్చీ అంచుకి వచ్చేశాడు. "బాబాయ్, ఆ రికార్డు ఎవరి పెళ్ళిలో వేశావు?"

"పురుషోత్తం గారి పెళ్ళిలో" అన్నాడు సూర్రావు బాబాయి. ఆ తర్వాత తనే తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి నాయనో! మీ నాన్న పెళ్ళేరా!"

* * *

మా మామయ్యగారు ఇల్లరికపు అల్లుడు. అంటే ఆ పెళ్ళి జరిగింది మేమిప్పుడుంటున్న ఇంట్లోనే, అత్తయ్య పుట్టింట్లోనే. అత్తయ్య వాళ్ళ నాన్నగారు మహా పొదుపరి. పండగలకి గోడలు దులపడమే తప్ప, ఇంట్లో పెళ్ళయితేగాని సున్నం వేయించేవారు కాదట. ఆ పద్ధతే నిలిచిపోయింది. పైన మా పెళ్ళి సున్నం, దాని కింద పన్నెండేళ్ళ నాటి మా ఆడబిడ్డ పెళ్ళిది, దాని కింద ఎనభై అయిదు. గీస్తే పెళ్ళిళ్ళు వరసగా బయటికొస్తాయి. మిగతా గదులన్నీ ఎప్పుడో రంగులేయించారు కాబట్టి సున్నం గోడలు రెండే మిగిలాయి. హాల్లో ఒకటి, మా గదిలో ఒకటి.

ఆ సున్నం ఆరినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది అత్తయ్యా మామయ్యగారే. అత్తయ్య వినగానే, "కుదరదు" అంది.

"ఏం అమ్మా?"

"కుదరదంటే కుదరదు. పెళ్ళినాడు నేను ఏవేవో వాగాను. అవన్నీ ఇప్పుడు మీ నాన్నగారు వినాలా?"

మామయ్యగారు పేపరు దించకుండానే అన్నారు. "నలభై ఏళ్ళుగా రోజూ వింటున్నానుగా సుభాషిణీ. ఆ ఒక్క రోజుది వదిలెయ్యడం ఎందుకు?"

"మీరు మాట్లాడకండి. మీకేం తెలుసు నేనేమన్నానో!"

నేను అత్తయ్య పక్కన కూచుని మామిడికాయ ముక్కలు తరుగుతూ టీచరు సంగతంతా చెప్పాను. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కత్తిపీట మీంచి కాలు తీసేసింది. "శ్రుతి తప్పిందని చెప్పి ఊరుకున్నారా? ఏం మనుషులే! ఇంత చిన్న పిల్ల కష్టపడి మద్రాసు పోయి పాడితే..." ఊరగాయ జాడీ మూత బిగించే లోపల ఒప్పేసుకుంది. "హాలు గోడైతే గీకండి. మీ గది జోలికి పోవద్దు. మీ పెళ్ళి సున్నం ఉందక్కడ."

మా ఆడబిడ్డకి ఫోన్ చేస్తే గుంటూరు నుంచి, "నా పెళ్ళి సున్నంలో ఏముంటుంది హైమా, ఉప్మాలో జీడిపప్పు లేదని మా పెదమామగారి పేచీ తప్ప! గీకెయ్యండి" అంది.

బుధవారం సూర్రావు బాబాయీ, కనకవల్లి టీచరూ వచ్చాక హాలు గోడ మీద బల్లి ఎక్కింది. రెండు పొరలు పాలై కారాయి. మూడో పొర దగ్గర అందరం ఊపిరి బిగబట్టాం. చిటపటలు. ఇంకా చిటపటలు. మధ్యాహ్నమైంది. ఒక్క మాట లేదు. కిరీటి గోడని గోటితో గీరి చూశాడు. వట్టి ఇటుక.

అప్పుడు సూర్రావు బాబాయి నెమ్మదిగా అడిగాడు. "అమ్మా సుభాషిణమ్మా, ఇక్కడ గోడంతా కప్పేసే పెద్ద భోషాణం ఉండేది కదూ?"

అత్తయ్య నుదురు కొట్టుకుంది. "ఆరుగురు పట్టినా కదలదది! సున్నాలవాళ్ళు దాని వెనక వెయ్యలేదు. నాన్నగారు కూలి కలిసొచ్చిందని సంతోషించారు కూడాను!"

అంతే. ఇక మిగిలింది మా గది గోడ.

కనకవల్లి టీచరు వెంటనే చెప్పుల కోసం లేచింది. "వద్దమ్మా. ఇప్పటికే చాలా శ్రమపడ్డారు. పెళ్ళై మూడు నెలలు కాలేదు, మీ గోడ గీకించి నా తప్పు నేను వినాలా? నేనొప్పుకోను."

ఆవిడ వెళ్ళిపోయాక నేను మా గదిలో గోడ ముందు కూచున్నాను. లేత ఆకాశం రంగు. అందులో నా ఎక్కిళ్ళున్నాయి. మొదటి రోజు కిరీటి, "నీకు చలేస్తోందా?" అని తొమ్మిదిసార్లు అడగడం ఉంది. నేను పదోసారికి, "ఆ, వేస్తోంది, తలుపు వెయ్యి" అనడం ఉంది. అవన్నీ నాకు గుర్తున్నాయి. కానీ ఇప్పుడు గుర్తున్నాయి. యాభై ఆరేళ్ళకి ఉంటాయా? మా అమ్మని తన పెళ్ళి సంగతులడిగితే, "వంకాయ కూర మాడింది" అంటుంది, అంతే. ఏడుపొచ్చింది. కొంచెం ఏడ్చాను కూడా.

కిరీటి వచ్చి పక్కన నేల మీద కూచున్నాడు.

"టీచరు చెప్పింది నిజమే. ఇది నీది. నేనిచ్చింది. నువ్వు వద్దంటే ఎవరూ తాకరు."

"ముప్పై ఏళ్ళయ్యాక ఇది పలుకుతుంది కదా?"

"పలుకుతుంది."

"అప్పటికి టీచరుకి ఎన్నేళ్ళుంటాయి?"

తను గోడ మీద చెయ్యి ఆనించాడు.

"మనం మాట్లాడుకోవడానికి మనమే ఉన్నాం కిరీటీ. ఆవిడకి ఆ పాట తప్ప అడగడానికి ఎవరూ లేరు. తీసెయ్."

"నిజంగానే?"

"మళ్ళీ అడిగావంటే మనసు మార్చుకుంటాను. తొందరగా పోయి ఆవిడని తీసుకురా."

"రానంటుంది."

"అయితే హల్వా పెట్టాలని చెప్పు. పాట తేవాల్సిన చోట ఆరేళ్ళు ఊరికే వచ్చినందుకు తప్పు కట్టమను."

వచ్చింది. నిజంగానే హల్వా పొట్లంతో వచ్చింది.

* * *

శుక్రవారం పొద్దున బల్లి తలుపు వైపు నుంచి మొదలుపెట్టింది. మంచం బయట పెట్టేశాం. ఫ్యాన్ ఆపేశాం. చెమటలు కారుతూ అయిదుగురం నేల మీద బాసింపట్లు వేసుకుని కూచున్నాం. కిరీటి బల్లి పక్కనే నిలబడ్డాడు. అత్తయ్య ముంజెలు ఒలిచి పళ్ళెంలో పెట్టింది.

మా పొర చప్పుడు లేకుండా జారింది. నేను అరచెయ్యి కింద పెట్టాను. చల్లగా, తెల్లగా, వేళ్ళ సందుల్లోంచి పోయింది. టీచరు నా వైపు చూడలేక కిటికీ వైపు చూసింది. నేనే ఆవిడ చేతిలో ముంజె పెట్టాను. "తినండి టీచరుగారూ, ముదిరిపోతాయి."

మధ్యాహ్నానికి ఎనభై అయిదు పలకడం మొదలుపెట్టింది. ఎవరో దగ్గు. ఇత్తడి బిందె దొర్లిన మోత. "కరివేపాకు తెమ్మంటే కొత్తిమీర తెచ్చావేరా!" అని ఒక గర్జన. "మా నాన్న!" అంది అత్తయ్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఒక చాపంత అయ్యాక ఇంకో చాపంత. పెళ్ళికొచ్చిన చుట్టాల పిల్లెవరో ఎక్కాలు చదువుతోంది. ఏడో ఎక్కంలో తప్పు చదివితే టీచరు అలవాటుగా, "ఏడారులు నలభై రెండు" అంది. సాయంత్రం దాకా పెళ్ళిరోజు దొరకలేదు.

శనివారం గోడలో మూడు వంతులు అయిపోయాయి. కిటికీ వైపుకి వస్తున్నాం. కిరీటి మొహంలో నవ్వు పోయింది. అప్పుడు వినపడింది, సన్నాయి! దాని వెనకే గరగరమంటూ హారన్.

"నాది! నా హారనే! కొబ్బరిచెట్టుకి కట్టాను, ఇదిగో ఈ కిటికీ ఎదురుగా!" సూర్రావు బాబాయి లేచి నిలబడిపోయాడు.

గదిలో గాజుల చప్పుడు. పడుచు గొంతులు గుసగుసలాడుతున్నాయి. వాటిలో ఒకటి స్పష్టంగా, "పెళ్ళికొడుకుని చూశావుటే? ఆ ముక్కేమిటే బాబూ, ముందు ముక్కొచ్చింది, తర్వాత మనిషొచ్చాడు!" అంది.

అత్తయ్య రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. మామయ్యగారు ముక్కు తడుముకున్నారు. "ఇదా? ఇంతేనా? ఈ మాత్రానికి నలభై ఏళ్ళు దాచావా?" అంటూ ఆయన నవ్వడం మొదలుపెట్టేసరికి కిరీటి, "ష్!" అన్నాడు.

రికార్డు మీద ముల్లు దిగిన చప్పుడు. వీణ. ఆ వెంటనే ఒక అమ్మాయి గొంతు.

"పడవొస్తే చెప్పిపోవే పాలపిట్టా... పసుపు ఆరకముందే పిలిచిపోవే..."

నేను పాట వినలేదు, టీచరు మొహమే చూస్తున్నాను. ఆవిడ తన గొంతుని గుర్తుపట్టలేదు. ఎవరో తెలిసిన పిల్ల ఎదురైతే ఏ క్లాసులో చదివిందా అని చూసినట్టు చూస్తోంది. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. చేతి వేళ్ళు వాటంతటవే తొడ మీద తాళం వేస్తున్నాయి. రెండో చరణం మొదలైంది. ఆవిడ తాళం ఆపేసింది.

అప్పుడు హారన్లో ఇంకో గొంతు విరుచుకుపడింది. "హలో, హలో! పెళ్ళివారు దయచేసి భోజనాలకి రావాలి! రెండో బంతి లేస్తోంది! పులిహోర వేడివేడిగా ఉంది! హలో!"

అది సూర్రావు బాబాయి గొంతు.

అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన గోడకి జారబడిపోయాడు.

"నా చరణం మీదా సూర్రావు గారూ!" అంది టీచరు. "నలభై ఏళ్ళు ఆగి వస్తే పులిహోరా!"

"నన్ను తిట్టకమ్మా, సుభాషిణమ్మ వాళ్ళ నాన్నగారు చెప్పమన్నారు..."

"ష్!" అన్నాడు కిరీటి మళ్ళీ.

పులిహోర ఆగింది. దాని వెనకనుంచి గొంతు పైకి లేస్తూ వచ్చింది. మెట్టు మెట్టుగా ఎక్కి, పై షడ్జం మీద నిలబడింది. నాకు చాలా బాగుందనిపించింది. ఒళ్ళు జలదరించింది. టీచరు మాత్రం కళ్ళు తెరిచింది.

"తప్పాను" అంది.

తప్పిన చోటుని గాలిలో వేలితో చూపించింది.

"వెంట్రుకవాసి కింద పట్టాను. వాళ్ళు అబద్ధం రాయలేదు." ఆవిడ గొంతులో బాధ ఉందో, తేలిక ఉందో నాకు తెలియలేదు. "నిజమే. తప్పాను."

ఇందుకా గోడ కరిగించాం? కిరీటి బల్లిని ఆపడానికి చెయ్యి చాచాడు. ఆపలేదు, ఎందుకంటే సరిగ్గా అప్పుడే గోడ మళ్ళీ మాట్లాడింది. పాట ముగిసిన నిశ్శబ్దంలో, ఇంతకుముందు ముక్కుని వెక్కిరించిన గొంతే.

"ఎవరే ఇది పాడింది? ఆ పైకి పోయినచోట చూశావా, గుండె లాగేసిందే! ఒసేయ్, మైకువాణ్ణి మళ్ళీ వెయ్యమనవే. పెళ్ళికూతురు అడిగిందని చెప్పు!"

పరుగెత్తిన పట్టీల చప్పుడు. దూరంగా కేక. గరగర. మళ్ళీ ముల్లు దిగింది. మళ్ళీ వీణ.

ఈసారి టీచరు కళ్ళు మూసుకోలేదు. అత్తయ్య వైపే చూస్తోంది. అత్తయ్య చేతులు మొహం మీంచి తీసేసి, "నేనే! నేనే అడిగాను! మర్చేపోయాను!" అంటోంది పిచ్చిగా తలాడిస్తూ.

రెండో చరణం వచ్చింది. ఈసారి భోజనాల పిలుపు లేదు. ఆ అమ్మాయి గొంతు మెట్లెక్కుతుంటే, గదిలో ఇంకో గొంతు దాని పక్కన చేరింది. బొంగురుగా, నెమ్మదిగా, బడిలో ముప్పై ఏళ్ళకి పైగా ఎక్కాలు చెప్పి అరిగిపోయిన గొంతు. పై షడ్జం దగ్గర ఇరవై మూడేళ్ళ పిల్ల వెంట్రుకవాసి కింద ఆగింది. అరవై మూడేళ్ళావిడ దాని చెయ్యి పట్టుకున్నట్టు ఆ వెంట్రుకవాసి పైకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

పాట అయిపోయింది. బల్లి కిటికీ చెక్కకి తగిలి ఆగింది. నేలంతా తెల్లటి పాలు. ఎదురుగా వట్టి ఇటుకల గోడ.

"ఇంకోసారి!" అంది అత్తయ్య.

"గోడ అయిపోయిందమ్మా" అన్నాడు కిరీటి ముక్కు చీదుకుంటూ. "ఉండు, కంప్యూటర్లోకి ఎక్కింది, మొదటినుంచీ పెడతాను."

"మనిషి ఇక్కడుండగా కంప్యూటరెందుకురా!" అత్తయ్య లేచి, సున్నం నీళ్ళలో అడుగులేసుకుంటూ వెళ్ళి టీచరు భుజం పట్టుకుంది. "ఏమ్మా కనకవల్లీ, పెళ్ళికూతురు అడుగుతోంది. పాడు."

టీచరు చీరకొంగు నడుముకి దోపుకుంది. గొంతు సవరించుకుంది. సూర్రావు బాబాయి వైపు వేలు చూపించి, "మీరు మాత్రం నోరు మూసుకోండి" అంది.

పల్లవి ఎత్తుకుంది.